గవ్వలదిన్నెలో ధరలు పెరగలేదు

సరుకుల ధరలు మండిపోతున్నాయని గోల పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ధర పెరగకుండా ఆపడం ఎంత తేలికో పాపం వాళ్లకు తెలియదు. సరుకు లేకుండా చేస్తే సరి! లేని ఉల్లిపాయకు ధర ఎలా పెరుగుతుంది? లేని కందిపప్పును ఎవరు మాత్రం బ్లాకులో అమ్మగలరు?

ఇది నేను పడక్కుర్చీలో కూర్చుని అల్లిన సిద్ధాంతం కాదు. పోయిన ఏడాది తుఫానులో, నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డున, అధికారులు చేసి చూపించిన పని. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నెల్లూరు మార్కెట్లో ఉల్లిపాయను ముట్టుకుంటే చెయ్యి కాలుతున్న ఆ వారంలోనే, గవ్వలదిన్నె అనే ఊళ్లో ఏ సరుకు ధరా పైసా పెరగలేదు. అంతటి ఘనకార్యాన్ని కళ్లారా చూసి కూడా రాయకుండా ఊరుకుంటే నాకు నిద్ర పడుతుందా?

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నా పేరు మాథ్యూ. ఉద్యోగమంతా పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. సరుకుల కంట్రోలు అనే మాట వింటే ఈ వయసులో కూడా నా ఒళ్లు పులకరిస్తుంది. ఎందుకంటారా? నా పెళ్లి కుదిరింది కిరసనాయిలు క్యూలో!

ఆ రోజుల్లో కావలిలో కిరసనాయిలు ఇస్తున్నారంటే పొద్దున్నే డబ్బా తీసుకెళ్లి నిలబడాలి. నా ముందు ప్రేమలీల అనే అమ్మాయి నిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చి, మా వంతు దగ్గర పడుతుండగా స్టాకు లేదని తలుపు వేసేశారు. ఖాళీ డబ్బాలు ఊపుకుంటూ, సప్లై వాళ్లను తిట్టుకుంటూ ఇద్దరం ఒకే దారిలో నడిచాం. ఆ రోజు నూనె దొరికి ఉంటే ఆమె దారి ఆమెది, నా దారి నాది. ఇప్పటి కుర్రాళ్లకు ఆ భాగ్యం ఉందా? ఫోను మీద వేలు పెడితే బియ్యం బస్తా గుమ్మంలోకి వచ్చి పడుతోంది. ఇక వీళ్లకు పెళ్లిళ్లు ఎలా అవుతాయి?

ఆ ప్రేమలీల చెల్లెలు మెర్లిన్‌ను ఇచ్చిన ఊరే గవ్వలదిన్నె. ఆమె భర్త, అంటే మా తోడల్లుడు క్రీస్తురాజు, ఆ ఊరి రేషను డీలరు. మంచివాడు, కానీ ప్రభుత్వపు జీపు ఎక్కడ కనపడినా లేచి నిలబడే రకం. ఇంటి ముందు గదే అతని రేషను షాపు.

బోగోలు దాటి తూర్పుకు తిరిగి, ఉప్పుటేరు దాటితే ఊరు వస్తుంది. ఏటి మీద వంతెన లేదు, చప్టా ఉంది. నీళ్లు తక్కువున్నప్పుడు అది రోడ్డు, ఎక్కువున్నప్పుడు అది ఏరు. వంతెన మంజూరయిందని నా పెళ్లినాటి నుంచీ వింటున్నాను. శుభవార్త పాతబడకుండా ఇన్నేళ్లు కాపాడుకు రావడం మాత్రం చిన్న విషయమా?

క్రీస్తురాజు ఇంటికి సరిగ్గా ఎదురుగా జమాల్‌బీ చిల్లర అంగడి. భర్త పోయాక ఆమె ఒక్కతే నడుపుకుంటోంది. ఊరంతా సముద్రం మీద చేపల వేటకు పోయేవాళ్లే. చిన్నా పెద్దా అందరూ ఆమెను జమాలక్క అనే పిలుస్తారు.

ఈ జమాలక్కకు ఒక దురలవాటు ఉండేది. వాయుగుండాల కాలం రాబోతోందనగా బియ్యం, కందిపప్పు, నూనె, మా వైపు ఎర్రగడ్డలనే ఉల్లిపాయలు, అన్నీ ఆటోల మీద తెప్పించి అంగడి వెనక గదిలో పేర్చుకునేది. చప్టా మునిగితే ఊరు తినేది ఆ సరుకే. పైగా మామూలు రోజుల ధరకే అమ్మేది. ఇదేం వ్యాపారమని నేనొకసారి అడిగాను.

"తుఫానులో నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకుంటే, ఎండ కాసినాక ఏ మొహం పెట్టుకొని అంగడి తెరిచేది అయ్యవారూ?" అంది.

చూశారా? మనిషిలో వ్యాపార దృష్టి బొత్తిగా లేదు!

పోయిన ఏడాది బంగాళాఖాతంలో వాయుగుండం పడిందన్న రోజున, చందువ చేపల పులుసు మీద ఆశతో నేను గవ్వలదిన్నెలో దిగాను. ప్రేమలీల రాలేదు. వేటకు పోవద్దని అప్పటికే చాటింపు వేశారు కాబట్టి చందువలూ రాలేదు. ఎండుచేపలతో సర్దుకుని, మర్నాడు పొద్దున వరండాలో కాఫీ తాగుతుండగా జీపు వచ్చి జమాల్‌బీ అంగడి ముందు ఆగింది. ఎప్పటిలాగే మా క్రీస్తురాజు లేచి నిలబడ్డాడు.

జీపులోంచి దిగినాయన పేరు విజయభాస్కర్. సరఫరాల తనిఖీ అధికారి. చాలా మర్యాదస్తుడు. అమ్మా అనకుండా ఆడవాళ్లతో మాట్లాడడు. తుఫాను పేరు చెప్పి వ్యాపారులు సరుకు దాచి ధరలు పెంచకుండా కొత్త ఉత్తర్వు వచ్చిందనీ, చిల్లర అంగట్లో వారం అమ్మకానికి మించి ఏ సరుకూ ఉండకూడదనీ ఆమెకు ఓపిగ్గా వివరించాడు. తర్వాత వెనక గది తలుపు తీయించి, లోపలి బస్తాలు లెక్కపెట్టాడు.

"ఇంత సరుకు ఎందుకమ్మా?" అన్నాడు చివరికి.

"చప్టా మునిగితే తినేదానికి సార్."

"చప్టా ఇంకా మునగలేదు కదమ్మా?"

"మునిగినాక తేలేము గదా సార్."

విజయభాస్కర్ ఆలోచనలో పడ్డాడు. చేతిలోని ఉత్తర్వును మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. అందులో చప్టా ప్రస్తావన లేదు. లేని విషయాన్ని అధికారి ఎలా లెక్కలోకి తీసుకుంటాడు? మీరే చెప్పండి.

నేను చొరవ తీసుకుని ఆయనకు కాఫీ ఇప్పించాను. హైవే పక్కన విమానాలు పట్టేంత గోడౌన్లు కడుతున్నారు గదా, వాటిలో బియ్యమూ పప్పూ కొండల్లా ఉంటాయట గదా, వాటికీ వారం పరిమితేనా అని జ్ఞానతృష్ణతో అడిగాను. వాళ్లకు పరిమితి వేరని చెప్పాడు. అక్కడ ఉంటే దాన్ని సప్లై చైన్ అంటారట. జమాల్‌బీ వెనక గదిలో ఉంటే అక్రమ నిల్వ అంటారట. ఎంత చక్కటి తేడా! సర్వీసులో ఉండగా తెలిసి ఉంటే ఒక పాఠం చెప్పి ఉండేవాణ్ని.

సరుకు సీజ్ చేశారు. పట్టణానికి తరలిద్దామంటే లారీలన్నీ తుఫాను డ్యూటీలో ఉన్నాయి. అందుకని, తర్వాత కబురు చేసేదాకా భద్రపరచమని ఎదురింటి రేషను డీలరుకు అప్పగించారు. అదృష్టం కొద్దీ రేషను షాపు ఖాళీగా ఉంది. ఆ నెల రేషను బియ్యం గవ్వలదిన్నెకు పంపితే తుఫానులో తడిసిపోతాయని పట్టణంలోనే జాగ్రత్తగా ఉంచేశారు. ముందుచూపు అంటే అదీ!

ఊళ్లో కుర్రాళ్లే బస్తాలు మోశారు. సరుకు వీధికి ఆ పక్క నుంచి ఈ పక్కకు వచ్చింది. ఆ పక్కన ఉన్నంతసేపూ అది నేరం. ఈ పక్కకు రాగానే సాక్ష్యం. తలుపుకు తాళం వేసి, లక్క కరిగించి సీలు వేశారు. తాళం చెవి క్రీస్తురాజు చేతిలో పెట్టి సంతకం తీసుకున్నారు.

వెళ్లే ముందు విజయభాస్కర్ జమాల్‌బీ అంగట్లో ఒక నల్లబోర్డు తగిలించి, సరుకుల ధరలన్నీ స్వయంగా సుద్దముక్కతో రాశాడు. అంతకు పైసా ఎక్కువ తీసుకున్నా కేసవుతుందని చెప్పాడు. గుండ్రటి అక్షరాలు. నాకు ముచ్చటేసింది.

జమాల్‌బీ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. అనుమతించిన సరుకు ముందేసుకుని, ఇంటికింతని సర్దడం మొదలుపెట్టింది. పిల్లలున్న ఇంటికి ఒక గిద్ద ఎక్కువ, లేని ఇంటికి ఒక గిద్ద తక్కువ. పొద్దు గూకేసరికి అంగడి ఖాళీ. బోర్డు మాత్రం నిండుగా ఉంది.

మర్నాటి నుంచి వాన. అలాంటి వాన చెన్నై వాళ్లు చూస్తారు, మేం చూస్తాం. కరెంటు పోయింది. ఉప్పుటేరు పొంగి చప్టా మీదుగా పారింది. నెల్లూరులో మా ఇంటికి పోదామని బ్యాగు సర్దుకున్న నేను, బ్యాగు మీదే కూర్చుండిపోయాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఆ తుఫానులో నెల్లూరులో ఎర్రగడ్డల ధర రెట్టింపయిందట. కూరగాయలవాళ్లు నోటికొచ్చింది చెప్పారట. మరి గవ్వలదిన్నెలో? బోర్డు మీద రాసిన అంకె రాసినట్టే ఉంది! కందిపప్పు కదల్లేదు. నూనె నిలకడగా ఉంది. నేను గొడుగు వేసుకుని వెళ్లి చూసి వచ్చాను. ఖాళీ అంగట్లో, దీపం వెలుగులో, ఆ ధరలు ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. కొనేందుకు ఏమీ లేదు గానీ, ఉంటే ఎంత చవకో!

జనం మాత్రం ఈ విజయాన్ని ఆస్వాదించే స్థితిలో లేరు. రేషను బియ్యం రాని నెల కాబట్టి జమాల్‌బీ సర్దిన గింజలు ఇట్టే అయిపోయాయి. ఎండుచేపలు ఉన్నాయి గానీ, అన్నం లేకుండా ఉత్త ఎండుచేపలు ఎంతకని తింటారు? ఆ ఉప్పుకు పిల్లలు దాహం దాహమని ఏడుస్తున్నారు. వీధి చివర ఒక ఇంట్లో బాలింత ఉంది. మెర్లిన్ ఆ పిల్లకు రోజూ గంజి కాచి పంపుతూ వచ్చింది. మూడో రోజు పొద్దున పంపింది మా ఇంట్లో ఆఖరి గంజి.

అదే ఇంటి ముందు గదిలో, గోడకు అవతల, బియ్యం బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ తలుపు మీద చెయ్యి వేయలేదు. వచ్చి వరండాలో కూర్చునేవాళ్లు, సీలు వైపు చూసేవాళ్లు, లేచి వెళ్లిపోయేవాళ్లు. ఇంత క్రమశిక్షణ గల పౌరులను నా పాఠాలు కూడా తయారు చేయలేదు.

క్రీస్తురాజు వానలో దిన్నె ఎక్కి, సిగ్నలు దొరికిన చోట నిలబడి విజయభాస్కర్‌కు ఫోను చేశాడు. ఆయన కంట్రోలు రూములో ఉన్నాడట. సీలు తీయాలంటే పై నుంచి ఆర్డరు రావాలనీ, ఫైలు పెడతాననీ, అంతవరకు ముట్టుకుంటే డీలర్‌షిప్పు పోవడమే కాక కేసు కూడా అవుతుందనీ చెప్పాడట. అర్జీ ఫొటో తీసి పంపమన్నాడట. అది తీసేలోపే ఫోను ఆరిపోయింది.

క్రీస్తురాజు తడిసి ముద్దయి ఇంటికి వచ్చాడు. మెర్లిన్ అన్నం గిన్నె కడిగి తెచ్చి అతని ముందు బోర్లించి, లోపలికి వెళ్లిపోయింది. దానికన్నా నాలుగు మాటలు అన్నా బాగుండేది.

ఆ మధ్యాహ్నం నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని జమాల్‌బీ వచ్చింది. వరండా మెట్టు మీద కూర్చుంది. క్రీస్తురాజు ఆమె వైపు చూడలేక చూరు నుంచి కారే నీళ్ల వైపు చూస్తున్నాడు.

"క్రీస్తురాజన్నా, మెర్లిన్‌ను తీసుకొని నువ్వు చర్చికి పో. ప్రార్థన చేసుకోండి. మీరు వచ్చేలోపల నేను ఆ తాళం పగలగొట్టుకుంటా. జమాల్‌బీ దొంగతనం చేసిందని రాయించు" అంది.

"నీ సరుకు నువ్వే దొంగిలిస్తే ఏమని రాయించేదక్కా?"

"అది రాసేవోళ్లకు తెలస్తాది. నా మీద ఎట్టా ఒక కేసుండాది, ఇంకోటి వచ్చినా మోస్తా. నీ పిల్లోళ్ల బువ్వ ఎందుకు పోవాల?"

ఈ దశలో నేను కలగజేసుకోక తప్పలేదు. చట్టబద్ధ పాలన గురించి, పౌరుడి విధుల గురించి మాట్లాడాను. ఆర్డరు దారిలో ఉంటుందని, ఒక్క రోజు ఓర్చుకుంటే వ్యవస్థ నిలబడుతుందని చెప్పాను. చాలా బాగా మాట్లాడానని ఇప్పటికీ అనుకుంటున్నాను. జమాల్‌బీకి చదువు చెప్పేవాళ్లంటే గౌరవం. అంతా విన్నది.

"సరే అయ్యవారూ, ఆ బాలింతకు ఈ పూట ఏం పెట్టేది?" అని అడిగింది.

సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో ఆ ప్రశ్న ఎప్పుడూ ఇవ్వలేదు. సిలబస్‌లో లేని దానికి నేనేం జవాబు చెప్పేది?

క్రీస్తురాజు తాళం చెవిని జేబులోంచి తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి చేపలు కోసే కత్తి తెచ్చాడు. జమాల్‌బీ కూడా లేవబోయింది.

"నువ్వు ముట్టుకోవద్దక్కా. తాళం చెవి నా చేతికిచ్చినారు. తీస్తే నేనే తీయాల" అన్నాడు.

లక్క గీకడానికి అతనికి చాలాసేపు పట్టింది. తలుపు తెరుచుకున్నాక కూడా లోపలికి పోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. జీపు హారను మోగితే లేచి నిలబడే మనిషి, ఆ పూట నిలబడటానికి తలుపు పట్టుకోవలసి వచ్చింది. మెర్లిన్ వచ్చి అతని చేతిలోంచి కత్తి తీసుకుంది.

చర్చికి మిద్దె ఉంది కాబట్టి పొయ్యిలు అక్కడే పెట్టారు. కొలిచి అమ్మితే ఇంకో కేసవుతుందని జమాల్‌బీ అమ్మనంది. బస్తాలు విప్పి ఊరికి మొత్తంగా వండించింది. బాలింతకు మొదటి గిన్నె తనే తీసుకెళ్లింది. ఆ సాయంత్రం గవ్వలదిన్నె ఊరంతా చర్చిలో బారులు తీరి కూర్చుని సాక్ష్యాన్ని తిన్నది. వేడి వేడి సాక్ష్యం, మీద పప్పు. చట్టం పట్ల నాకున్న గౌరవం కొద్దీ నేను ముందు వద్దన్నాను. తర్వాత మారు వడ్డించుకున్నాను.

మర్నాడు వాన కాస్త తగ్గింది. నడుముకు తాడు కట్టుకుని, చప్టా మీద నీళ్లలో నడుచుకుంటూ ఒక మనిషి ఊళ్లోకి వచ్చాడు. దగ్గరికొచ్చాక చూస్తే విజయభాస్కర్! పై అధికారులు వచ్చేలోగా ఊరి పరిస్థితి చూసి రమ్మన్నారట. పెదాలు నీలంగా ఉన్నాయి. కంట్రోలు రూములో బిస్కెట్లతో గడిపాడట. మెర్లిన్ ఏమీ అడక్కుండా తువ్వాలు ఇచ్చి, కంచం పెట్టింది.

ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. రెండోసారి పప్పు పోయించుకుని కలుపుతూ ఆగిపోయాడు.

"బియ్యం ఎక్కడివమ్మా?" అన్నాడు.

"తినండి సార్. తిన్నాక చెప్తా" అంది మెర్లిన్.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, కంచం ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కుని ముందు గదిలోకి వెళ్లి, గీకేసిన లక్క చూసి, బస్తా మీద కూలబడ్డాడు. రాయకుండా ఉండలేననీ, పై వాళ్లు వెనకే వస్తున్నారనీ క్రీస్తురాజుతో చెప్పాడు. అది చెప్పేటప్పుడు అన్నా అని పిలిచాడు. రాయండి సార్ అన్నాడు క్రీస్తురాజు. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో నాకు తెలియలేదు.

ఆ మరుసటి రోజు పెద్ద అధికారులు ట్రాక్టరు మీద వచ్చారు. సహాయ సామగ్రి లారీ మాత్రం ఏటికి అవతలే చిక్కుకుపోయింది. ఫొటోగ్రాఫరు ట్రాక్టరులో ఉన్నాడు కాబట్టి ఇవతలికి వచ్చాడు. ఏం చేయాలి? తక్షణ అవసరం దృష్ట్యా, సీజ్ చేసిన సరుకులో మిగిలిన దాన్ని తుఫాను బాధితులకు సహాయంగా పంచమని అక్కడికక్కడే ఆర్డరు వేశారు! చూశారా, ఆర్డరు ఎంత వేగంగా వస్తుందో! అనవసరంగా తొందరపడ్డారు మావాళ్లు.

క్రీస్తురాజు ఇంటి ముందే బ్యానరు కట్టారు. ముందు ఆడవాళ్లకు ఇవ్వాలన్నారు. వితంతువులకు ఇంకా ముందన్నారు. అలా మొదటి బియ్యం సంచి జమాల్‌బీ చేతికి వచ్చింది. సంచి ఒక కొస ఆమె, ఒక కొస పెద్ద అధికారి పట్టుకుని కెమెరా వైపు చూశారు. ఫొటో అయ్యాక ఆమె సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు గింజలు తీసి చూసింది.

"మంచి బియ్యం సార్. ఎవురి దగ్గర కొన్నారు?" అని అడిగింది.

పెద్దాయనకు అర్థం కాలేదు. ప్రభుత్వమమ్మా అని దయగా చెప్పాడు. పక్కన నిలబడ్డ విజయభాస్కర్ చెప్పుల బురద తుడుచుకోవడానికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

కాబట్టి పాఠకులారా, ముందు తిన్నది నేరం, తర్వాత తిన్నది సహాయం. బియ్యం అవే, బస్తాలు అవే, పొట్టలు అవే. మధ్యలో బ్యానరు వచ్చింది! గవ్వలదిన్నెలో అధిక ధరల మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని ఆ వారం పేపర్లో వేశారు. అబద్ధమని ఎవరైనా అనగలరా?

వానలు వెనకబట్టాక నెల్లూరులో విచారణ జరిగింది. అప్పటికే క్రీస్తురాజు డీలర్‌షిప్పు సస్పెండు చేశారు. అప్పగించిన సరుకు కాజేశాడని అభియోగం. ఆ దిగులుతో మనిషి సగమయ్యాడు. పిల్లల కాలేజీ ఫీజు ఆ షాపు మీదే నడుస్తోంది. మెర్లిన్ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోవడం మొదలుపెట్టింది. సాక్షిగా నేనూ వెళ్లాను, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని.

విచారించిన అధికారి కళ్లజోడు తుడుచుకుంటూ, అలసిపోయినట్టు మాట్లాడాడు. విజయభాస్కర్ తన రిపోర్టు చదివాడు. సరుకులో కొంత గ్రామస్థులు వాడుకున్నట్టు రాసి ఉంది. గ్రామస్థులు కానివాళ్లు తిన్న సంగతి అందులో లేదు. అధికారి నన్ను చూసి, మీరూ తిన్నారా అని అడిగాడు. తిన్నాను సార్ అన్నాను. ఎందుకు తిన్నారని అడిగాడు. ఆకలేసింది సార్ అన్నాను. ప్రభుత్వ ఆఫీసులో అంత సూటిగా నేను జవాబు చెప్పడం అదే మొదలు.

ఆ ఊపులో, ఇంకెవరెవరు తిన్నారో కూడా చెబుదామని నోరు తెరిచాను. పక్కనున్న జమాల్‌బీ నా మోచెయ్యి పట్టుకుని లాగి, తను ముందుకు జరిగింది.

"ఆయన కాజేయలేదు సార్. నేను తీయమన్నా. ఊరి కోసరం తెచ్చి పెట్టుకున్న సరుకు, ఊరు తినింది. రాసేదుంటే నన్ను రాయండి" అంది.

అధికారి తుడిచిన కళ్లజోడు పెట్టుకున్నాడు.

"నువ్వు మంచిదానివేనమ్మా, నాకు తెలుస్తూనే ఉంది. కానీ రేపు దొంగ నిల్వలు పెట్టుకున్న ప్రతివాడూ ఇదే మాట చెబుతాడు. ఎవరి మనసులో ఏముందో నేను ఎట్లా కనుక్కునేది?" అన్నాడు.

ఆ మాటలో నిజం ఉంది. దానికి నేను ఇంతవరకు జవాబు కనుక్కోలేకపోయాను. ఆ ఊరు ఒకసారి చూసి వస్తే తెలుస్తుందేమో అనిపించింది గానీ, ఆయనకు ఆ రోజు ఇంకా చాలా కేసులున్నాయి.

క్రీస్తురాజుకు జరిమానా వేసి వదిలేశారు. కొన్నాళ్లకు డీలర్‌షిప్పు తిరిగి ఇచ్చారు. సరుకు మాత్రం ప్రభుత్వానిదే అయింది. ఇక ముందు ఏ కాలంలోనూ, ఏ కారణం చేతనూ పరిమితికి మించి నిల్వ పెట్టనని జమాల్‌బీ చేత హామీ రాయించుకున్నారు. ఆమె ఒకటికి రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది.

బయట టీ తాగుతుండగా, విజయభాస్కర్ కూడా తిన్నాడని చెప్పనివ్వకుండా నన్నెందుకు ఆపావని ఆమెను అడిగాను. చెబితే మన కేసు తేలికయ్యేది కదా అన్నాను.

"ఆకలేసి మన ఇంట తిన్నోడిని పట్టియ్యకూడదు అయ్యవారూ" అంది. అని, టీ గ్లాసు కడిగి ఇచ్చి బస్సు వైపు నడిచింది.

ఈ ఏడాది మళ్లీ ఆ కాలం వచ్చింది. మొన్న వాయుగుండం వార్త వినగానే ప్రేమలీల చెల్లెలి కోసం కంగారుపడితే, ఇద్దరం గవ్వలదిన్నెకు వెళ్లాం. మేం అక్కడ ఉండగానే విజయభాస్కర్ తనిఖీకి వచ్చాడు. ఈసారి మా కాఫీ అడక్కుండానే తాగాడు.

జమాల్‌బీ అంగట్లో అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ప్రతి సరుకూ పరిమితి లోపలే ఉంది. ఆయన లెక్క చూసుకుని, వెనక గది తలుపు తీయమన్నాడు. ఆమె తీసింది. లోపల ఎవరివో వలలు ఆరేసి ఉన్నాయి. గింజ కూడా లేదు. ఆయన గుమ్మంలో నిలబడి ఆ వలల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఈ ఏడు ఏమీ తేలేదా అమ్మా?" అన్నాడు. అధికారి అడిగినట్టు లేదు.

"సంతకం పెట్టినా గదా సార్" అంది జమాల్‌బీ.

ఉల్లంఘన ఏదీ లేదని ఆయన రాసుకున్నాడు. రాసి కూడా జీపు ఎక్కలేదు. ఉప్పుటేటి వైపు ఒకసారి, తూర్పున కమ్ముకొస్తున్న మబ్బు వైపు ఒకసారి చూశాడు. వరండాల్లో నిలబడి ఊరంతా అదే మబ్బును చూస్తోంది.

ఇంత పెద్ద విజయం దేశంలో ఇంకెక్కడైనా వచ్చిందేమో నాకు తెలియదు. జమాల్‌బీ ఈ ఏడాది చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. గవ్వలదిన్నెలో అందరికీ భయం పట్టుకున్నది అందుకే.